గాలి మోటరు దిగిన నేల

(మ్యాపుల సారు స్మారకోపన్యాసం, అచ్చు ప్రతి)



సారు అసలు పేరు ఆహ్వాన పత్రిక మీద ఉంది. ఆ పేరుతో ఆయన్ను పిలిచినవాళ్ళు మా బడిలో ఎవరూ లేరు. మాకు ఆయన మ్యాపుల సారు. ఇవాళ కూడా ఆ పేరుతోనే తలుచుకుంటాను. స్మారకోపన్యాసం అంటే పోయినవారి గుణగణాలు చెప్పడం ఆనవాయితీ. సారుకు పొగడ్త గిట్టేది కాదు. మనిషి సంగతి తెలియాలంటే అతను నిలబడ్డ నేల చూడాలి అనేవారు. అందుకే ఆయన మమ్మల్ని తీసుకుపోయి నిలబెట్టిన ఒక నేల గురించి మాట్లాడతాను. అది మామునూరు విమానాల మైదానం. అది ఎందుకు పుట్టిందో, ఎందుకు నిద్రపోయిందో, ఇప్పుడు లేస్తున్నప్పుడు మనం దేన్ని మరిచిపోకూడదో చెప్పాలని నా ఆశ.

1974లో నేను ఎనిమిదో తరగతి. ఒక ఆదివారం పొద్దున్నే సారు పదకొండు మంది పిల్లల్ని సైకిళ్ళ మీద ఖమ్మం రోడ్డు పట్టించారు. వరంగల్ నుంచి మామునూరుకు పది కిలోమీటర్ల దూరం. కొందరం ఒక్క సైకిలు మీద ఇద్దరం. మా నాయనమ్మ విమానాన్ని గాలి మోటరు అనేది. మా ఊళ్ళలో అందరి మాటా అదే. గాలి మోటరు చూపిస్తారేమోనని ఆశగా పోయాం. అక్కడ గాలి మోటరు లేదు. గడ్డి, దూరంగా రెండు మూడు కట్టడాలు, నడుమ ఎండకు తెల్లబారిన పొడుగాటి బాట. మా ముఖాలు వాడిపోయాయి. సారు మాత్రం పండక్కి వచ్చినట్టున్నారు.

సంచిలోంచి కొబ్బరితాడు తీశారు. గజాల లెక్కన ముడులు వేసి ఉంది. ఇద్దరు ముందు, ఇద్దరు వెనక పట్టుకుని బాట వెడల్పు కొలిచాం. తర్వాత దోసిట్లో పొట్టు పోసి, చెయ్యి పైకెత్తి వదలమన్నారు. పొట్టు ఎటు పోతే గాలి అటు పోతున్నట్టు. "మరి విమానం ఎటు లేవాలె?" అని అడిగారు. గాలి పోయే దిక్కుకే అన్నాం అందరం, పడవకు తెరచాప ఉన్నట్టు. సారు తల అడ్డంగా ఊపారు. గాలికి ఎదురు పోతేనే రెక్కకు గాలి వడిగా తగులుతుంది, తక్కువ పరుగుతోనే విమానం లేస్తుంది అని, కాగితం మడిచి చూపించారు. ఒక చోట ఏడాది పొడుగునా గాలి ఎక్కువగా ఏ దిక్కు నుంచి వస్తుందో చూసి, ఆ గీత మీదే రన్‌వే వేస్తారట. అంటే మా కాళ్ళ కింద ఉన్నది వట్టి బాట కాదు. ఎవరో ఇక్కడి గాలిని లెక్కగట్టి నేల మీద గీసిన గీత.

ఆ తర్వాత చేసిన పనే నా బతుకును ఒక దారిన పెట్టింది. సారు బాట నడిమధ్యకు పోయి చెంబుతో నీళ్ళు పోశారు. కాసేపు అక్కడే నిలిచినట్టు కనిపించిన నీళ్ళు మెల్లగా ఒక పక్కకు జారాయి. చెంబును రెండడుగులు అవతలికి జరిపి పోస్తే ఇంకో పక్కకు జారాయి. కంటికి చదునుగా కనిపించే ఆ బాటకు నడుమ చిన్న ఉబ్బు ఉంది. నూరు అడుగులకు అడుగున్నర మించని వాలు. వాన నీళ్ళు నిలిస్తే చక్రం జారుతుంది. వాలు ఎక్కువైతే విమానం పక్కకు లాగుతుంది. ఆ రెండింటి మధ్య ఇరుకు సందులో ఇంజనీరు పని చేయాలి. నేను తర్వాత ముప్పయ్యేళ్ళకు పైగా రోడ్లూ రన్‌వేలూ వేసే కొలువులో ఉన్నాను. ఒక చోట రేగడి నేల మీద వేసిన పనిలో పక్క కాలువల సంగతి నిర్లక్ష్యం చేశారు. రెండో వానాకాలానికే అంచులు పొంగి పగుళ్ళిచ్చాయి. ఆ పగుళ్ళ ముందు నిలబడి నేను తలుచుకున్నది సారు చెంబునే.

ఇక చరిత్ర. మామునూరు మైదానం 1930లో, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో వచ్చింది. అప్పటికి మన దేశంలో విమానయానం ఇంకా పసిగుడ్డు. జేఆర్డీ టాటా కరాచీ నుంచి బొంబాయికి టపా సంచులతో చిన్న విమానం నడిపింది 1932 అక్టోబరు 15న. అంతకు రెండేళ్ళ ముందే వరంగల్ పక్కన విమానాలకని నేల సిద్ధం చేశారంటే ఆలోచించాలి. మొత్తం 1,875 ఎకరాలని లెక్క చెప్తారు. ఆ రోజుల్లో దేశంలోకెల్లా పెద్దదని కూడా మనవాళ్ళు గర్వంగా అంటుంటారు. ఆ పోటీ నాకు పట్టదు. అంత నేల ఎందుకు తీశారన్నది ముఖ్యం.

దానికి జవాబు మన ఊళ్ళోనే ఉంది. 1934లో ఇక్కడ ఆజంజాహి మిల్లు మొదలైంది. నిజాం తన పెద్ద కొడుకు ఆజం జా పేరు పెట్టాడు. ఉత్తరాన సిర్పూరు కాగజ్‌నగర్‌లో కాగితం మిల్లు వచ్చింది. ఈ మిల్లుల పనుల మీద వచ్చిపోయేవాళ్ళకు, వ్యాపారులకు అందుబాటుగా ఉంటుందని మామునూరును వాడుకున్నారు. 1945లో హైదరాబాద్ రాజ్యానికి డెక్కన్ ఎయిర్‌వేస్ అని సొంత విమాన సంస్థ కూడా ఏర్పడింది. 1953లో దేశంలోని ప్రైవేటు విమాన కంపెనీలను జాతీయం చేసినప్పుడు అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది.

మిల్లు మాట వస్తే నేను త్వరగా ముందుకు పోలేను. ఆజంజాహి మిల్లు కూత వరంగల్‌కు గడియారం. మా అమ్మ పొయ్యి వెలిగించేది మొదటి కూతకు. మా వాడలో సగం ఇళ్ళ జీతం ఆ గేటులోంచే వచ్చేది. 1974లో, మేం తాడుతో రన్‌వే కొలిచిన ఏడాదే, మిల్లు జాతీయ జౌళి సంస్థ చేతికి పోయింది. తర్వాత దాని బలం ఏటేటా తగ్గిపోయింది. మగ్గాలు ఆగాయి, కార్మికులు పద్దులు తేల్చుకుని వెళ్ళిపోయారు, చివరకు కట్టడాలు కూల్చి స్థలాన్ని ప్లాట్లు చేశారు. మామునూరు కథను మిల్లు కథతో కలిపి చదవమంటాను నేను. మైదానం నిద్రపోవడానికి ఎవరెవరి మీదో నింద వేస్తాం. ఊళ్ళో విమానమెక్కే పని ఉన్నంత కాలం అది మేలుకునే ఉంది. ఆ పని సన్నగిల్లాక కన్ను మూసింది.

నడుమ ఒకసారి మెలకువ వచ్చింది. చిన్న ఊళ్ళకు విమానాలు నడపడానికి 1981లో వాయుదూత్ అని సంస్థ పెట్టారు. పందొమ్మిది మంది కూర్చునే డోర్నియర్ విమానాలు అందులో పేరు మోశాయి. వాటిలో కొన్ని కాన్పూరులో హెచ్ఏఎల్ తయారు చేసినవి. మన మామునూరు పేరు కూడా ఆ సర్వీసుల్లో చేరింది. కానీ దేశమంతటా సగం నిండని సీట్లతో ఎగిరిన ఆ సంస్థ నష్టాల్లో మునిగి, 1993లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసింది. వరంగల్‌కు టిక్కెట్టు కొనుక్కుని దిగే విమానం అప్పటి నుంచి లేదు.

మరి ఇన్నేళ్ళూ ఆ నేల ఏమైంది? చాలా తగ్గింది. చుట్టుపక్కల పోలీసు బెటాలియన్, పోలీసు శిక్షణ కళాశాల, పశువైద్య కళాశాల వచ్చాయి. చివరకు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ చేతిలో మిగిలింది సుమారు 696 ఎకరాలు. అయినా రన్‌వే గీత చెదరలేదు. వరంగల్‌కు ఇంత దగ్గర్లో, రోడ్డు పక్కన, ఇంత నేల ప్లాట్లు కాకుండా నిలవడం చిన్న విషయం కాదు. అందుకు ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ పిల్లలకు నా దండం. విమానం రాని మైదానంలో వాళ్ళు గ్లైడర్లు ఎగరేశారు. ఇంజను లేని ఆ తేలిక విమానానికి ఉక్కు తీగ కట్టి, అవతలి కొసన ఒక యంత్రం గిరగిరా చుట్టుకుంటుంటే, గాలిపటం లేచినట్టు లేస్తుంది. పైకి పోయాక తీగ వదిలేస్తారు. తర్వాతంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దాన్ని ఒకసారి సారుతో కలిసి కంచె బయట నిలబడి విన్నాను. రెక్క గాలిని చీల్చే సన్నని ఈల తప్ప ఏమీ లేదు. సారు అప్పటికి రిటైరయ్యారు. "నేల బతికే ఉంది" అన్నారు అంతే.

ఇప్పుడు మేలుకొలుపు సంగతి. రాష్ట్రం కోరుతోంది, ఊరు కోరుతోంది, మరి ఇన్నేళ్ళు ఎందుకు ఆగిందని కుర్రవాళ్ళు అడుగుతారు. ఒక ముఖ్య కారణం ఒక పాత ఒప్పందంలో ఉంది. 2004 డిసెంబరులో శంషాబాద్ విమానాశ్రయం కోసం కేంద్రం నిర్మాణ సంస్థతో ఒప్పందం రాసుకుంది. శంషాబాద్ నుంచి గాలి దారిన 150 కిలోమీటర్ల లోపు 25 ఏళ్ళ పాటు కొత్త విమానాశ్రయం తేవద్దని, ఉన్నదాన్ని పెంచవద్దని అందులో ఒక షరతు. వేల కోట్లు పెట్టేవాళ్ళు ఆ హామీ అడగడంలో వింత లేదు. శంషాబాద్‌లో 2008 మార్చిలో విమానాలు మొదలయ్యాయి. షరతు లెక్కన మామునూరు 2033 దాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి. కానీ శంషాబాద్ నిర్మాణ సంస్థ అభ్యంతరం లేదని చెప్పాక 2025 ఫిబ్రవరి 28న కేంద్ర పౌర విమానయాన శాఖ అనుమతి ఇచ్చింది. అంతకు ముందే, 2024 నవంబరులో, మరో 253 ఎకరాల సేకరణకు రాష్ట్ర ప్రభుత్వం 205 కోట్ల రూపాయలు విడుదల చేసింది.

ఇంకా నేల ఎందుకు అని నన్ను చాలామంది అడిగారు. పాత రన్‌వే రెండు కిలోమీటర్ల లోపు. దాదాపు డెబ్బై సీట్ల ఏటీఆర్ విమానానికి అది చాలు. నూట ఎనభై మందిని మోసే ఎయిర్‌బస్ ఏ320 నిండుగా లేవాలంటే ఇంకా పొడుగు కావాలి, దాదాపు 2.8 కిలోమీటర్లు అనుకుంటున్నారు. దీనిలో మన ఎండ పాత్ర కూడా ఉంది. వేడెక్కిన గాలి పలచబడుతుంది. మామునూరు సముద్ర మట్టానికి సుమారు 280 మీటర్ల ఎత్తు. మే నెలలో 44 డిగ్రీల మధ్యాహ్నం ఇక్కడి గాలి, విమానాల లెక్కలకు పునాదిగా తీసుకునే సముద్రపుటొడ్డు 15 డిగ్రీల గాలి కంటే, ఇంచుమించు ఎనిమిదో వంతు పలచన. రెక్కకు పట్టు తక్కువ, ఇంజనుకు ఊపిరి తక్కువ. అదే బరువుతో లేవడానికి ఎక్కువ పరుగు కావాలి. చలిదేశం కొలతలు తెచ్చి వరంగల్ నేల మీద పరిస్తే పొట్టిగా మిగులుతాయి. పైగా రన్‌వే ఒక్కటే చాలదు. రెండు కొసల్లోనూ భద్రతకని కొంత నేల వదలాలి, పక్కల పట్టీలు వదలాలి, విమానం దిగే దారిలో చెట్టూ టవరూ ఎంత ఎత్తు ఉండాలో హద్దు గీయాలి.

ఇవన్నీ సాంకేతికం. రేపు పనిచేసేవాళ్ళు నాకన్నా బాగా చేస్తారు. నా బెంగ వేరే ఉంది. దానికి కడప ఉదాహరణ చెప్తాను.

కడప విమానాశ్రయం 1953 నాటిది. అదీ మనలాగే దీర్ఘనిద్ర పోయింది. కొత్త రన్‌వే, కొత్త టెర్మినల్ కట్టి 2015 జూన్ 7న తెరిచారు. బెంగళూరు నుంచి వచ్చిన మొదటి కంపెనీ మరుసటి ఏడాదికే మూతపడింది. 2017 ఏప్రిల్ 27న ప్రధానమంత్రి సిమ్లాలో ఉడాన్ పథకం ప్రారంభించిన రోజే కడప–హైదరాబాద్ సర్వీసు కూడా ఆ పథకం కింద మొదలైంది. కొన్నేళ్ళకు ఆ కంపెనీ కూడా ఆగింది. 2022లో ఇంకొకటి అందుకుంది. ఉడాన్‌లో సుమారు సగం సీట్లకు టిక్కెట్టు హద్దు కడతారు. గంట ప్రయాణానికి మొదట 2,500 రూపాయలు పెట్టారు. ఆ ధరకు కంపెనీకి వచ్చే లోటును మూడేళ్ళ దాకా పూడుస్తారు, అందులో ఐదో వంతు రాష్ట్రం భరించాలి. మూడేళ్ళ తర్వాత విమానం తన కాళ్ళ మీద నిలబడాలి. దేశంలో చాలా చిన్న విమానాశ్రయాలకు గండం వచ్చేది ఆ మూడో ఏడు దాటాకే. రిబ్బను కత్తిరించే రోజు అందరూ వస్తారు. నాలుగో ఏడు మంగళవారం మధ్యాహ్నపు విమానంలో ఎంతమంది ఎక్కుతారన్నదే అసలు ప్రశ్న.

వరంగల్‌కు ఆ నాలుగో ఏడు గట్టెక్కే సత్తువ ఉందని నా నమ్మకం. గీసుగొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా జౌళి పార్కుకు 2017 అక్టోబరులో పునాది వేశారు. పోయిన మిల్లుకు వారసుడు ఎవరైనా ఉంటే అదే. అక్కడ మగ్గం ఆడితే ఇక్కడ విమానం దిగుతుంది. రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. వరంగల్ ఎన్‌ఐటీకి దేశం నలుమూలల నుంచి పిల్లలు వస్తున్నారు. అమెరికాలో బిడ్డలున్న తల్లిదండ్రులు ఈ సభలోనే ఎంతమంది! వాళ్ళు అర్ధరాత్రి కారెక్కి మూడు నాలుగు గంటలు కూర్చుని శంషాబాద్ చేరుతున్నారు. ఏనుమాముల మార్కెట్‌కు వచ్చే మిర్చికి విమానం ఎక్కే తొందర లేదు. ఆ మాట కూడా నిజాయితీగా చెప్పాలి. ఎండుమిర్చి లారీలోనే పోతుంది. విమానం వస్తే రైతు పంట ఢిల్లీకి ఎగురుతుందని చెప్పేవాళ్ళు ఏ పంట, ఎన్ని టన్నులు, చల్లటి గోదాము ఎక్కడ అన్నది కూడా చెప్పాలి.

రైతు మాట వచ్చింది కనుక చివరగా నక్కలపల్లి వైపు పోదాం. నక్కలపల్లి, గుంటూరుపల్లి, గాడెపల్లి. కొత్తగా కావలసిన నేల ఈ ఊళ్ళది. గుంటూరుపల్లి పేరులోనే దాని కథ ఉంది. బతుకుతెరువుకు వచ్చి, చెలక దున్ని, ఊరు కట్టుకున్నవాళ్ళు. కిందటి ఎండాకాలం ఒక సాయంత్రం అటు వెళ్ళాను. సర్వే రాళ్ళు కొన్ని నాటి ఉన్నాయి. ఒక పెద్దమ్మ బోరు మోటారు ఆపి, గట్టు మీద కూర్చుని ఉంది. నేనూ కూర్చున్నాను. నేను ఇంజనీరునని చెప్పాక అడిగింది.

"ఎకరానికి పైసలిస్తమంటున్రు, మంచిదే. ఈ బోరుకు మూడుసార్లు ఏసినం బిడ్డా. రెండు సార్లు ఉత్త దుమ్ము లేసింది. మూడోసారి నీళ్ళు పడ్డయి. నీళ్ళు పడ్డ జాగ మళ్ళ యాడ కొనుక్కోవాలె?"

నా దగ్గర జవాబు లేదు. ఎకరం ధర కట్టే పట్టికలో మూడోసారి పడ్డ నీళ్ళకు గడి ఉండదు. ఆమె గాలి మోటరు వద్దనలేదు. మనుమడు బెంగళూరులో పని చేస్తున్నాడట, విమానం దిగితే పండక్కి తొందరగా వస్తాడని కూడా అన్నది. తర్వాత రన్‌వే పొడిగిస్తే తెగిపోయే బాట చూపించింది. అవతలి ఊరి చుట్టాలింటికి ఇప్పుడు నడిచి పోతుంది. రేపు ఎంత చుట్టు తిరగాలో ఎవరూ చెప్పలేదు.

పరిహారం డబ్బు చేతికి అందాకే సర్వే రాయి తగిలిన చేను దున్నడం ఆపమనాలి. తెగిన బాటకు బదులు బాట, రన్‌వే పనికన్నా ముందే వేయాలి. నేల పోయిన ఇళ్ళ పిల్లలకు అక్కడి కొలువుల్లో ముందు వరస ఇవ్వాలి. గేటు దగ్గర కాపలా పని ఒక్కటే కాదు. అగ్నిమాపక దళం, విద్యుత్తు, రేడియో పరికరాల పనుల్లో శిక్షణ ఇప్పించి మరీ ఇవ్వాలి. ఇవి దయతో చేసే పనులుగా నేను అడగడం లేదు. కొలత తాడు పట్టుకుని బతికినవాడిగా చెప్తున్నాను, పునాదిలో వదిలేసిన లోపం పైకి రాక మానదు. సారు ఉంటే ఈ మాట నాకన్నా గట్టిగా అనేవారు.

సారు కూతురు పోయిన నెల మా ఇంటికి వచ్చి ఒక పుస్తకం ఇచ్చింది. నీలి అట్ట, లోపల చదరపు గీతల కాగితం. ఆ ఆదివారం తర్వాత మాతో రాయించిన గాలి పుస్తకం. పొద్దున బడి గంటకు ముందు, సాయంత్రం గంట తర్వాత, జెండా కొయ్య దగ్గర నిలబడి పొట్టు వదిలి గాలి దిక్కు రాసేవాళ్ళం. వంతులు వేసుకుని ఒక ఏడాదంతా రాశాం. నా చేతిరాత పద్నాలుగో పేజీలో ఉంది. వానాకాలం వరసల నిండా పడమర, నైరుతి. దీపావళి దాటాక ఈశాన్యం, తూర్పు. నడుమ కొన్ని గడుల్లో "గాలి లేదు". చివర్లో కొన్ని పేజీలు ఖాళీగా ఉన్నాయి.

ఈ పుస్తకాన్ని సారు బడికే ఇస్తున్నాను. ఎనిమిదో తరగతి పిల్లలు ఇద్దరు ముందుకు రండి. రేపు పొద్దున్నుంచే రాయండి. పొట్టు దొరకకపోతే గుప్పెడు పొడి మట్టి చాలు. గాలి ఎటు పోతుందో రాయకండి, ఎటు నుంచి వస్తుందో అదే రాయాలి. సారు మార్కులు కోసేది అక్కడే.